పచ్చబొట్టు తీయించుకోవాలంటే: ముందు క్యాలెండరు, తర్వాత లేజరు

నా కుడి ముంజేతి మీద ఒక పేరు ఉండేది. పక్కన నల్లగా నింపిన గులాబీ పువ్వు. పంతొమ్మిదేళ్లప్పుడు ఓ జాతరలో, జెయింట్ వీల్ పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడి దగ్గర పది నిమిషాల్లో వేయించుకున్నాను. అది పోవడానికి రెండేళ్లు దాటింది. మధ్యలో తొందరపడి చేసిన ఒక పనికి గుర్తుగా రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఇప్పటికీ ఉంది.

మా శ్రీకాకుళంలో తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరిగెత్తే కుర్రాళ్లలో చాలామందికి ఇదే టెన్షన్. ఆర్మీ కావచ్చు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కావచ్చు, మెడికల్‌లో చొక్కా విప్పమన్నప్పుడు టాటూ బయటపడుతుంది. పెళ్లి కుదిరాక పాత పేరు చెరిపేయాలనుకునేవాళ్లు, చిన్నప్పుడు నుదుట పొడిపించిన బొట్టు ఇప్పుడు నచ్చని ఆడవాళ్లు కూడా అడుగుతుంటారు. ఎవరడిగినా నేను మొదట తేదీ గురించే మాట్లాడతాను, మిషన్ గురించి తర్వాత.

మొదటి అడుగు: ఎప్పటికల్లా పోవాలో రాసుకోండి

లేజరుతో టాటూ ఒక్కసారికి పోదు. సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. మన ఛాయ ఒంటికి ఎనిమిది వారాలే మంచిది. పది సిట్టింగులు అనుకుంటే ఏడాదిన్నర. అందుకే మీకు కావలసిన తేదీ ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. వచ్చే నెల పెళ్లి అంటూ ఈ నెల లేజరుకి వెళ్తే, పెళ్లినాటికి టాటూతో పాటు పుండు కూడా ఉంటుంది.

ఉద్యోగం కోసమైతే అసలు తీయాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కేంద్ర సాయుధ బలగాల మెడికల్ నిబంధనల్లో మత చిహ్నాలు, పేర్లు వంటివాటికి అనుమతి ఉంది. అయితే అవి ఎడమ ముంజేతి లోపలి వైపు గానీ, అరచేతుల వెనక వైపు గానీ ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతు కన్నా చిన్నగా ఉండాలి. ఎడమే ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చేత్తో. ఆర్మీలో మోచేతి లోపలి నుంచి మణికట్టు వరకు, అరచేతి వెనక వైపు ఉన్నవాటిని ఒప్పుకుంటారు. ఆచారం ప్రకారం పొడిపించుకున్న గిరిజన అభ్యర్థులకు సడలింపు కూడా ఉంది. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర, జాతాపు పిల్లలు ఇది తెలియక అనవసరంగా ఒళ్లు కాల్చుకోవద్దు. మీరు అప్లై చేసే నోటిఫికేషన్‌లో టాటూ పేరా ఒకటికి రెండుసార్లు చదివి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. ఎడమ చేతి మీద అమ్మ పేరు ఉన్న ఒక తమ్ముడు డబ్బులు అప్పు చేసి మరీ తీయించడం మొదలుపెట్టాడు. అది ఉన్నా అతనికి ఇబ్బందే లేదు.

నాది కుడి చెయ్యి. నాకు తప్పలేదు.

రెండో అడుగు: మీ టాటూకి మార్కులు వేయండి

ఎన్ని సిట్టింగులు పడతాయో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. 2009లో వచ్చిన కర్బీ–దేశాయ్ స్కేలు. కాగితం, పెన్ను ఉంటే ఇంట్లోనే వేసుకోవచ్చు. మొత్తం ఆరు విషయాలు చూడాలి.

ఒంటి రంగుకి 1 నుంచి 6. పాలలా తెల్లగా ఉండేవాళ్లకి 1, బాగా నల్లగా ఉండేవాళ్లకి 6. మనలో ఎక్కువమంది 4, 5 దగ్గర ఉంటాం. టాటూ ఉన్న చోటుకి 1 నుంచి 5: తల, మెడ మీద 1, ఛాతీ వైపు 2, నడుము వైపు 3, భుజం, తొడ 4, ముంజేయి, పిక్క, పాదం 5. గుండెకి ఎంత దూరమైతే అంత ఆలస్యం అని గుర్తుపెట్టుకుంటే చాలు. రంగుకి 1 నుంచి 4: ఒట్టి నలుపైతే 1, రకరకాల రంగులుంటే 4. సిరా ఎంత ఉంది అన్నదానికి 1 నుంచి 4: చేత్తో పొడిచిన నాటు పచ్చబొట్టుకి 1, చెయ్యి నిండా నింపిందానికి 4. అప్పటికే మచ్చ, గట్టిదనం ఉంటే 1, 3, 5లలో ఒకటి, లేకపోతే సున్నా. ఒకదాని మీద ఇంకోటి వేయించుకుని ఉంటే మరో 2.

నాది చూడండి. ఒంటి రంగు 5, ముంజేయి 5, నలుపు 1, సిరా 3, మచ్చ 1. మొత్తం 15, అంటే దాదాపు పదిహేను సిట్టింగులని అంచనా. నాకు పదకొండు పట్టాయి. స్కేలు జాతకం కాదు, అటూ ఇటూ అవుతుంది. కానీ "నాలుగు సిట్టింగుల్లో క్లీన్ చేసేస్తాం" అని ఎవరైనా అన్నప్పుడు మీ చేతిలో ఒక అంకె ఉంటుంది.

పాతకాలపు పచ్చబొట్ల సంగతి కొంచెం వేరు. దీపం మసిని పసరులో కలిపి సూదులతో పొడిచేవారు. మసి అంటే ఒట్టి కార్బన్. మరి పచ్చగా ఎందుకు కనిపిస్తుందంటే, నల్లటి రేణువులు చర్మం లోతులో ఉన్నప్పుడు పైపొర వెలుతురుని చెదరగొట్టి నీలం, ఆకుపచ్చ ఛాయ తెస్తుంది. ఆ పేరు అలా వచ్చిందే. ఇవి లేజరుకి తేలిగ్గా లొంగుతాయి, తక్కువ సిట్టింగుల్లో పోతాయి. మా అమ్మమ్మ మోచేతి మీద చుక్కల ముగ్గు ఉండేది. చచ్చాక మనతో వచ్చేది అదొక్కటేనని ఆమె నమ్మకం. ఆమెని తీయించుకుంటావా అని అడిగితే నా వీపు విమానం మోగేది.

మూడో అడుగు: దారి ఎంచుకోవడం

అన్నిటికన్నా ముందు, వెళ్లకూడని దార్లు చెప్పేస్తాను. ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది.

జీడి. మన జిల్లాలో ఇది మరీ సులువుగా దొరుకుతుంది. పలాస, కాశీబుగ్గ కార్ఖానాల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకి దాని సంగతి తెలుసు. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. దాన్ని టాటూ మీద రాస్తే పైచర్మం కాలుతుంది. సిరా అంతకన్నా లోతులో ఉంటుంది కాబట్టి అది అలాగే మిగులుతుంది, పైన కాలిన మచ్చ అదనం. సున్నం, సోడా కలిపి పూయడం కూడా ఇంతే. ఉప్పుతో రుద్దడం మరీ పాతది, ఆరో శతాబ్దంలో ఏటియస్ అనే గ్రీకు వైద్యుడు రాసిపెట్టాడు. దాదాపు పదిహేను వందల ఏళ్లుగా మచ్చలే మిగులుస్తోంది.

ఆన్‌లైన్‌లో అమ్మే టాటూ రిమూవల్ క్రీములు: అమెరికాలో మందుల్ని తనిఖీ చేసే ఎఫ్‌డీఏ ఒక్కదానికీ ఆమోదం ఇవ్వలేదు. చాలావాటిలో ఉండేది యాసిడ్. కొనవద్దు.

ఇంకోటి, నేను పడిన గొయ్యి. ఒక బ్యూటీ పార్లర్‌లో "లేజరే అన్నా, మా దగ్గరా ఉంది" అన్నారు. వాళ్ల దగ్గరున్నది ఐపీఎల్ మిషన్. క్రికెట్ కాదు, వెంట్రుకలు తీయడానికి వాడే వెలుతురు మిషన్. దాని వెలుగు మిల్లీసెకన్ల పాటు ఉంటుంది. సిరా రేణువు పగలాలంటే వెలుగు అందులో లక్షో వంతు కన్నా తక్కువ సేపు, అంత బలంగా తగలాలి. ఎక్కువసేపు తగిలితే రేణువు పగలదు, చుట్టూ ఉన్న చర్మం ఉడుకుతుంది. నాకు ఉడికింది. ఇంటికొచ్చాక మాయమ్మ చూసి "ఏటిరా అది, ఇస్త్రీ పెట్టి గాని కాల్చుకున్నావా?" అంది. తెల్లమచ్చ అప్పటిదే.

ఇక పనికొచ్చేవి రెండు.

ఒకటి, కోసి కుట్టేయడం. ఒక అక్షరమో, చుక్కో, చిన్న గుర్తో అయితే ఇదే మేలని నా అభిప్రాయం. అక్కడికి మాత్రమే మత్తు ఇచ్చి, ఆకు ఆకారంలో చర్మం కోసి తీసి కుడతారు. చేతి మీదైతే పది నుంచి పద్నాలుగు రోజుల్లో కుట్లు విప్పుతారు. సిరా పూర్తిగా పోతుంది, సన్నటి గీత మిగులుతుంది. ఒంటి మీద దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బి పెరిగే కీలాయిడ్ స్వభావం ఉన్నవాళ్లు దీనికి వెళ్లకూడదు. టాటూ కొంచెం పెద్దదైతే నెలల తేడాతో రెండు మూడు విడతల్లో కోస్తారు. టైమ్ తక్కువుండి టాటూ చిన్నదైతే మరో దారి లేదు కూడా.

రెండోది లేజరు. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు ఆగాలో కూడా అర్థమవుతుంది. సిరా పడగానే మాక్రోఫేజులు అనే రక్షక కణాలు వచ్చి రేణువుల్ని మింగుతాయి. రేణువు పెద్దది, అరగదు. కణం దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోతుంది. అది చస్తే ఇంకో కణం వచ్చి అదే సిరాని మళ్లీ మింగుతుంది. అందుకే టాటూ ఏళ్లపాటు ఉంటుంది. లేజరు ఆ రేణువుల్ని చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని వారాల తరబడి మోసుకెళ్లేది మన ఒళ్లే. అంటే నిజంగా టాటూ పోయేది మిషన్ కింద ఉన్న మూడు నిమిషాల్లో కాదు, ఆ తర్వాతి రెండు నెలల్లో. మధ్యలో తొందరపడి మళ్లీ కొట్టిస్తే మానని చర్మం మీద కొట్టించినట్టే.

మన ఛాయకి సరిపడేది ఎన్‌డీ యాగ్ లేజరు, 1064 నానోమీటర్ల తరంగం. ఇది చర్మపు రంగుని పెద్దగా పట్టించుకోకుండా లోతుకి దిగి నలుపు, ముదురు నీలం మీద పనిచేస్తుంది. ఎరుపుకి 532, ఆకుపచ్చకి 755 లేదా 694 కావాలి. వీటిని మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ బాగా పీల్చుకుంటుంది, తెల్లమచ్చల భయం ఎక్కువ. కాబట్టి రంగురంగుల టాటూ ఉన్నవాళ్లు పూర్తిగా పోతుందన్న ఆశ ముందే కొంచెం తగ్గించుకోవాలి. లేత గులాబీ, తెలుపు, ఒంటి రంగు సిరాలు, పెదవులకీ కనుబొమలకీ వేసే కాస్మెటిక్ టాటూలు లేజరు తగలగానే నల్లబడిపోవచ్చు. వాటిలోని ఐరన్, టైటానియం ఆక్సైడ్లు రంగు మారతాయి. ముందు చిన్న చుక్క మీద టెస్ట్ చేయకుండా ఒప్పుకోకండి. ఎర్ర సిరా ఉన్నచోట ఎప్పుడైనా దురద, ఉబ్బు వచ్చి ఉంటే అది అలర్జీ. లేజరుతో పగలగొడితే ఒళ్లంతా రావచ్చు, డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

పీకో లేజర్లు 2012 నుంచి వాడకంలో ఉన్నాయి. వాటి వెలుగు ఇంకా తక్కువ సేపు ఉంటుంది. కొన్ని రంగులకి సిట్టింగులు తగ్గుతాయి, ఖర్చు ఎక్కువ. ఒట్టి నల్ల టాటూకి క్యూ-స్విచ్‌డ్ అనే మామూలు రకం ఎన్‌డీ యాగ్ లేజరు చాలు.

డాక్టరు దగ్గర

ముందు శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో గానీ చర్మం ఓపీలో ఒకసారి చూపించుకోండి. కీలాయిడ్ ఉందా, షుగరు ఉందా, మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నారా అన్నవి అక్కడే తేలిపోతాయి. జాతరలో ఒకే సూదితో పదిమందికి వేసిన టాటూ అయితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు. గర్భిణులు కాన్పు అయ్యేదాకా వాయిదా వేసుకోవాలి.

లేజరు కోసం వైజాగ్ వెళ్లేవాళ్లే ఎక్కువ. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. ఫోన్లోనే ఈ ప్రశ్నలు అడిగేయండి, ఛార్జీలు మిగులుతాయి: మిషన్ ఏది, 1064 ఉందా? కొట్టేది చర్మవైద్యుడా, అసిస్టెంటా? మా ఛాయ ఒంటి మీద చేసిన ఫొటోలు ఉన్నాయా? టెస్ట్ స్పాట్ చేస్తారా? డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఏంటి? విసుక్కుంటే అక్కడికి వెళ్లకండి.

డబ్బు సంగతి. సైజుని బట్టి సిట్టింగుకి ఇంత అని ఉంటుంది. మొత్తం సిట్టింగులకి ముందే కట్టేయమనే ప్యాకేజీలు నాకు నచ్చవు. చర్మం వికటిస్తే మధ్యలో ఆపాలి, అప్పుడు కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం ఇంకో పోరాటం. అందం కోసం చేసే పని కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వదు.

సిట్టింగు రోజు

మొదటి సిట్టింగు కార్తీకంలో పెట్టుకోవడం మంచిదని నా అనుభవం. ఎండకి కమిలిన చర్మం మీద లేజరు పడితే కాలుతుంది. ఏప్రిల్, మేలో బయట పని తప్పనివాళ్లు ఆ రెండు నెలలు ఆపేసినా నష్టం లేదు, ఆ వ్యవధిలో కూడా సిరా కరుగుతూనే ఉంటుంది.

ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా వేసుకెళ్లండి. అక్కడి వెంట్రుకలు గీసేస్తారు. మత్తు క్రీము మందంగా రాసి పైన ప్లాస్టిక్ కవరు చుట్టి దాదాపు గంటసేపు ఉంచుతారు. ఇంటి దగ్గరే చెయ్యంతా పూసుకుని వెళ్లాలనుకోకండి, ఎక్కువ మేర పూస్తే మందు రక్తంలో కలిసి ప్రమాదం. కళ్లకి అద్దాలు పెట్టకుండా మిషన్ ఆన్ చేయనివ్వకండి.

నొప్పి ఎలా ఉంటుందంటే, పోపులో ఆవాలు చిటపటమని వరసగా చేతి మీద పడుతున్నట్టు. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. లేజరు తగిలిన చోటు వెంటనే సుద్దముక్కతో రాసినట్టు తెల్లబడుతుంది. చూసి "అబ్బ, పోయింది!" అని నేనూ సంబరపడ్డాను. అది గ్యాస్ బుడగల తెలుపు. పావుగంట, ఇరవై నిమిషాల్లో తగ్గి టాటూ మళ్లీ నవ్వుతూ కనిపిస్తుంది.

మొదటి పది రోజులు

సగం పని ఇక్కడే. మంచి లేజరు కొట్టించుకుని ఇంటికొచ్చి పాడుచేసుకున్నవాళ్లని చూశాను.

మొదటి రోజు చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ పది నిమిషాల చొప్పున వేయండి. ఐస్ ముక్క నేరుగా పెట్టకూడదు. రోజూ మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది, పల్చగా వాజలీన్ రాసి, అంటుకోని గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) కట్టండి. బొబ్బ లేస్తే కంగారు వద్దు, చాలామందికి లేస్తుంది. పొడవకండి. దానంతటదే దిగుతుంది. పక్కు కట్టాక దురద పెడుతుంది, అప్పుడు గోళ్లు కత్తిరించుకుని కూర్చోవాలి. పక్కు పీకితే మచ్చ ఖాయం.

పసుపు పూయమని ఇంట్లో పెద్దవాళ్లు గోల చేస్తారు. మాయమ్మ గిన్నెలో కలిపి తెచ్చేసింది కూడా. ప్రేమే, కానీ మానని చర్మం మీద పొడి రుద్దడం మంచిది కాదు. కొబ్బరినూనె, బూడిద, ఆకు పసర్లు ఏవీ వద్దు. పుండు ఆరేదాకా చెరువు స్నానం, సముద్రం వద్దు. భావనపాడు, కళింగపట్నం వైపు వేటకెళ్లేవాళ్లు ఆ పది రోజులు పని మానుకోగలిగినప్పుడే సిట్టింగు పెట్టుకోవాలి, ఉప్పునీళ్లు, వల ఒరిపిడి రెండూ దానికి శత్రువులే. గ్రౌండ్‌కి వెళ్లేవాళ్లు పరుగు ఆపక్కర్లేదు గానీ పుల్అప్స్, చేతి మీద ఆనుకునే కసరత్తులు వారం ఆపండి.

చీము, ఎర్రదనం పాకడం, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉంటే మందుల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

మధ్యలో ఎనిమిది వారాలు

చర్మం మానాక బయటికెళ్తే సన్‌స్క్రీన్, కనీసం ఎస్‌పీఎఫ్ 30, లేదా పొడుగు చేతులు. మన ఒంటికి ముందు నల్లగా కమలడం మామూలే, నెలల్లో తగ్గుతుంది. తెల్లబడితే మాత్రం తర్వాతి సిట్టింగు ఆపి డాక్టరుకి చూపించాలి, అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

సిగరెట్. 2012లో ఇటలీ డాక్టర్లు 352 మందిని గమనించి రాసిన దాంట్లో, పది సిట్టింగులకి టాటూ పోయినవాళ్లు సగం కన్నా కొంచెం తక్కువ, పదిహేనుకి ముప్పావు వంతు. పది సిట్టింగుల్లో పోయే అవకాశం పొగతాగేవాళ్లలో చాలా తక్కువగా కనిపించింది. నేను నాలుగో సిట్టింగు తర్వాత మానేశాను, డబ్బు లెక్క చూసుకుని.

ప్రతి సిట్టింగు ముందు ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తీసుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. అయిదో సిట్టింగు దగ్గర నాకు ఏమీ మారలేదనిపించి మానేద్దామనుకున్నాను. మొదటి ఫొటో పక్కన పెట్టి చూశాకే గులాబీ రేకులు విడిపోయాయని తెలిసింది.

ఎప్పుడు ఆపాలి

వరసగా రెండు మూడు సిట్టింగులకి ఫొటోల్లో తేడా లేకపోతే ఆపండి. ఆర్నెల్లు ఆగి మళ్లీ చూపించుకోండి, అప్పటికి దానంతటదే ఇంకొంచెం తగ్గి ఉంటుంది. చర్మం గట్టిపడుతున్నా, తెల్లబడుతున్నా ఆపేయాల్సిందే. ఉద్యోగం కోసం కాకుండా ఒట్టి పేరు కనపడకుండా ఉంటే చాలనుకునేవాళ్లకి మధ్యేమార్గం ఉంది: మూడు నాలుగు సిట్టింగులతో రంగు పల్చన చేయించి, దాని మీద మంచి ఆర్టిస్టు దగ్గర వేరే బొమ్మ వేయించుకోవడం. చవక, త్వరగా అయిపోతుంది. ఫోర్సుల మెడికల్‌కి మాత్రం పనికిరాదు, ఒక టాటూ స్థానంలో ఇంకా పెద్ద టాటూ వస్తుంది.

నేను పదకొండో సిట్టింగుతో ఆపాను. పేరులో చివరి అక్షరం దీర్ఘం నీడలా మిగిలింది. డాక్టరు ఇంకోటి కొట్టొచ్చు అన్నారు గానీ బలవంతపెట్టలేదు. ఏడాది తర్వాత చూస్తే ఆ నీడ కూడా, వెతికి చూపిస్తే తప్ప, కనిపించలేదు.